గాలిపటాన్ని ఏమంటారు?

మెక్సికో నగరం,
14 ఫిబ్రవరి 1982

అక్కకు,

ఈ ఉత్తరం దోన్యా ఉర్సులా చేతికిచ్చి పంపుతున్నాను. ఆవిడది ఇక్కడి సరిహద్దు ఊరు తపచూలా. నెలకోసారి ఇక్కడ బట్టలు కొని, ఆ మూటలతో సరిహద్దులు దాటి మన శాంత ఆనా సంతకు వస్తుంది. నువ్వు జవాబు రాసినా ఆవిడకే ఇవ్వు, తపాలాలో వెయ్యకు. మన దేశం నుంచి వచ్చే ఉత్తరాలు దారిలో విప్పి చదువుతున్నారని ఇక్కడి మనవాళ్ళు చెప్పుకుంటున్నారు.

నేను బాగానే ఉన్నాను. ఒక డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన గది దొరికింది. కింద వీధిలో దోన్యా తొమాసా అనే ఆవిడ నడిపే భోజన హోటల్లో పని. పొద్దున్నే వెళ్ళి ఉల్లిపాయలు తరగడంతో మొదలుపెడితే సాయంత్రం గిన్నెలు తోమడంతో అవుతుంది. సుద్దముక్క పట్టుకున్న చేతులకు మిరపకాయల మంట అలవాటవుతోంది. రొట్టెలు మరీ పల్చన, అరచేతిలో పెట్టుకుంటే గీతలు కనిపిస్తాయి. చిక్కుడు గింజలు నల్లవి. మన ఎర్ర చిక్కుళ్ళ ఊసెత్తితే వింతగా చూస్తారు కనుక ఎత్తను. అడిగినవాళ్ళకు మాది ఈ దేశమే, వేరక్రూజ్ తీరం అని చెబుతున్నాను. బాగానే ఉన్నాను.

మాటలే తమాషా. మొన్న ఒక గడ్డమాయనకు శీతలపానీయం సీసా తెచ్చిస్తే "పోపోతే ఏదమ్మా" అన్నాడు. నేను మంచినీళ్ళు తెచ్చాను. మళ్ళీ అడిగితే చెంచా తెచ్చాను. తీరా చూస్తే ఆయన అడిగింది పీల్చుకునే గొట్టం. మనం పహీయా అంటామే, అది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మాయ్రాకు తట్టు మచ్చలు పోయాయా? నీ మరిది రెనెని బడి గుమ్మంలోంచి తెల్ల జీపులో లాక్కుపోయినవాళ్ళు నా పేరు కూడా అడిగారని తెలిసిన పూటే బస్సెక్కాను. ఒళ్ళు కాలిపోతున్న పిల్లని నీ మంచం మీద వదిలేశాను. ఇంకొక్క రోజు ఆగి ఉంటే ఎలా ఉండేదో అని ఉల్లిపాయలు తరుగుతూ ఆలోచిస్తుంటాను. ఆ పని మంచిది, కళ్ళు ఎందుకు తడిశాయని ఎవరూ అడగరు. నా గురించి బెంగపడకు, బాగానే ఉన్నాను.

నీ చెల్లెలు
నిడియా


శాంత ఆనా,
9 మార్చి

నిడియా,

బాగానే ఉన్నానని మూడుసార్లు రాశావు. ఒక్కసారి రాసుంటే నమ్మేదాన్నే.

పిల్ల నిక్షేపంలా ఉంది. మచ్చలు పోయాయి. ఏడేళ్ళకే నా దుకాణంలో కూర్చుని బేరాలు ఆడుతోంది. నిన్న ఒకావిడ రొట్టె గిల్లి చూస్తుంటే "గిల్లితే కొనాలి, మా పెద్దమ్మ రూలు" అంది. పంతులమ్మ కూతురికి సంతమ్మ నోరొచ్చింది, ఇక నీ ఖర్మ.

అవునూ, అక్కడ కేసదీయా అంటే ఉత్త రొట్టెలో చీజు పెట్టి మడిచి ఇస్తారటగా? ఉర్సులా చెప్పింది. తియ్యగా, బొద్దుగా, పైన నువ్వులు చల్లి, పొయ్యిలో పొంగాల్సిన కేసదీయాకి ఆ గతి పట్టించారా? ఇరవై రెండేళ్ళుగా అదే కాల్చి అమ్ముకుంటున్నదాన్ని, కడుపు మండదా. వాళ్ళ మాటలు వాళ్ళనే అనుకోమను. నేనైతే చచ్చినా అనను.

ఇక్కడ అంతా మామూలే. ఎండలు ముదిరాయి. కొత్తగా చెప్పడానికేమీ లేదు. నువ్వు తిండి మానకు.

పిల్ల తనూ రాస్తానంటోంది. రాసి, మడిచి ఉర్సులాకి ఇమ్మన్నాను. పొయ్యి మీద రొట్టెలు మాడుతున్నాయి.

ఒటీలియా

అమ్మా నా ముందు పన్ను ఊడింది. తెల్ల జీపు మామయ్యలు మళ్ళీ వచ్చారు. నాకు మిఠాయి ఇచ్చారు. మీ అమ్మ ఏ ఊళ్ళో ఉంది పాపా అని అడిగారు. నేను చెప్పలేదు. మిఠాయి తిన్నాను. నీ మాయ్రా.


మెక్సికో నగరం,
27 మార్చి

అక్కా,

అడుగున పిల్ల ఏం రాసిందో నువ్వు చూడలేదు. "మళ్ళీ వచ్చారు" అని రాసింది. అంటే ఎన్నిసార్లు వచ్చారు? అంతా మామూలే అని నీ చేతులతో ఎలా రాయగలిగావు?

నేనూ ఒకటి దాచాను. ఆ పోపోతే రోజున అందరూ నవ్వలేదు. గడ్డమాయన నవ్వలేదు. "ఏ దేశం నీది?" అన్నాడు. మర్నాడు ఖాకీ చొక్కాలవాళ్ళు ఇద్దరు వచ్చి నా గురించి వాకబు చేశారు. దోన్యా తొమాసా గరిటె దించకుండానే "అది మా చెల్లెలి కూతురు బాబూ, చిన్నప్పట్నుంచీ వెర్రిబాగుల్ది, గొట్టానికీ గరిటెకీ తేడా తెలీదు" అని చెప్పి పంపేసింది. అప్పట్నుంచి వీధిలో నేను వెర్రిబాగులదాన్ని. నోరు మూసుకుని తిరగడానికి అదో వీలు. ఇక్కడివాళ్ళు పట్టుకుంటే బస్సెక్కించి వెనక్కి పంపుతారు. వెనక్కి వెళ్ళినవాళ్ళను దింపుకోవడానికి అక్కడ ఎవరు ఎదురుచూస్తుంటారో నీకు తెలుసు.

పిల్లని నా దగ్గరకు చేర్చు. నన్ను పట్టుకోవడానికి వాళ్ళు దాన్ని ఎత్తుకుపోతారు. ఇంకో దారి లేదు.

ఉర్సులాతో మాట్లాడాను. తపచూలా నుంచి బస్సులో తన మనవరాలని చెప్పి తీసుకొస్తానంది. పిల్ల బెదరకుండా నువ్వు కూడా రావాలి. కానీ వాళ్ళ పక్కన కూర్చోకు, వెనక సీట్లో తెలియనిదానిలా కూర్చో. దారిలో తనిఖీలు ఉంటాయి. మనవాళ్ళని కాగితాలతో పట్టుకోరు, మాటలతో పట్టుకుంటారు. పెద్దవాళ్ళు దొరక్కపోతే పిల్లల్ని ముద్దుగా అడుగుతారు, ఇదేమిటి అదేమిటి అని.

అందుకని దానికి రోజూ చెప్పించు. నేను కింద గీతలు గీసిన మాటలు ఒక్కటి కూడా నోట్లోంచి రాకూడదు. ఎదుటివాణ్ణి 'నువ్వు' అనడానికి వోస్ అనకూడదు, తూ అనాలి. పిల్లల్ని సిపోతా అనకూడదు, చమాకా అనాలి. బెల్టును సించో అనకూడదు. గాలిపటాన్ని పిస్కూచా అనకూడదు, పాపలోతే అనాలి. నీకు మాత్రం ఒకే పాఠం: నోరు తెరవకు. ఆ ఒక్క ప్రయాణం, ఒటీలియా అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను.

నిడియా


శాంత ఆనా,
20 ఏప్రిల్

చిన్నదానా,

మూడుసార్లు వచ్చారు. రెండోసారి పొయ్యిలో కూడా వెతికారు, అందులో నువ్వు పడతావా అని అడిగాను. మూడోసారి ఏమీ అడగలేదు. దుకాణం ఎదురుగా జీపు ఆపి, పిల్ల వంక చూస్తూ కూర్చున్నారు. పిల్లని లోపలికి పంపి గొళ్ళెం పెట్టాను. చెప్పి నిన్ను చంపడం దేనికని దాచాను. తప్పే.

వస్తున్నాం. మే పదకొండున ఉర్సులాతో బయల్దేరుతున్నాం.

నీ పాఠాలు రోజూ నడుస్తున్నాయి. పిండి కలుపుతూ నేను అడుగుతాను, అది చెబుతుంది. పరాయి మాట చెబితే నువ్వులుండ, మన మాట చెబితే మొట్టికాయ. మన తల్లి నోట విన్న మాట అన్నందుకు పసిదాన్ని మొట్టేదాన్నయ్యాను చూడు. బెల్టు చెబుతుంది, చమాకా చెబుతుంది, వోస్ అనడం పూర్తిగా మానేసింది. నన్ను కూడా తూ అంటోంది, ఒళ్ళు మండిపోతోంది.

ఒక్క గాలిపటం దగ్గరే దాని నాలుక తిరగబడుతోంది. పది సార్లు అడిగితే రెండు సార్లు పిస్కూచా అనే అంటుంది. ఎందుకే అంటే, "నాన్న చేసింది పిస్కూచాయే కదా" అంటుంది. రెనె కాగితాలు అంటిస్తుంటే పక్కన కూర్చుని మైదా పిండి జిగురు నాకేది. ఆ ఒక్కదానికి మొట్టికాయ వెయ్యలేకపోయాను.

నా నోటి సంగతి నువ్వేం భయపడకు. పెళ్ళివారింట్లో కొత్తకోడల్లా కూర్చుంటాను.

ఒటీలియా


మెక్సికో నగరం,
16 మే

అక్కా,

ఈ ఉత్తరం నీకు ఎక్కడ అందుతుందో తెలియదు. నిన్ను నది దాటించి గ్వాతెమాలా వైపు తెకూన్ ఉమాన్‌లో వదిలేశారని ఉర్సులాకు ఎవరో చెప్పారట. ఆవిడ అక్కడ వెతికి ఇస్తానంది.

మాయ్రా చేరింది. ఆ మాట ముందు రాయాలి. చేరింది, నా పక్కనే ఉంది, చిక్కిపోయింది.

మిగతాది ఉర్సులా చెప్పింది. రెండో తనిఖీ దగ్గర ఇద్దరు ఎక్కారట. ఉర్సులా ముందుకు వెళ్ళి ఒకడికి తన మూటలు విప్పి చూపిస్తోందట. రెండోవాడు పిల్ల దగ్గర వంగి, "బంగారూ, అబ్బాయిలు దారం కట్టి ఆకాశంలో ఎగరేస్తారే, దాన్నేమంటారు?" అని అడుగుతున్నాడట. అంతలో నువ్వు వెనక సీట్లోంచి లేచి, బస్సంతా అదిరేలా, "ఏమయ్యా వోస్, సిపోతాలతో సరసాలా? నీ సించో జారుతోంది, ముందు అది ఎగలాక్కుని బండి దిగు" అన్నావట. అందరూ పగలబడి నవ్వారట. నిన్ను రెక్క పట్టుకుని దింపేశారట.

ఒక్క వాక్యంలో మూడు మాటలు. నేను గీతలు గీసి వద్దన్న మాటలే. కొత్తకోడలిలా కూర్చుంటానన్నావు. పిల్లని వాళ్ళు నీ మనిషని పసిగట్టి ఉంటే? ఏమయ్యేదో ఒక్క క్షణం ఆలోచించావా? ఎప్పుడూ ఇంతే నువ్వు. సంతలో అయినా, అమ్మ శవం దగ్గరైనా, నోటికొచ్చింది అనెయ్యడమే. ఇప్పుడు నువ్వు ఏ ఊళ్ళో, ఎవరి అరుగు మీద ఉన్నావో నాకు తెలియదు. నాకు నీ మీద ఎంత కోపంగా ఉందో అంత భయంగా ఉంది. రెండూ ఒకేసారి వస్తున్నాయి, విడదీయడం చేతకావడం లేదు.

ఇంకొకటి. మాయ్రా మాట్లాడడం లేదు. వచ్చి మూడు రోజులైంది, ఒక్క మాట లేదు. ఆకలేస్తే గిన్నె చూపిస్తుంది. ప్రయాణం బడలిక అనుకుంటున్నాను.

నిడియా


తెకూన్ ఉమాన్, గ్వాతెమాలా,
13 జూన్

నిడియా,

అవునే, నా నోరే. ఏం చెయ్యను, అరవకపోతే అరగని నోరు. ఆ బెల్టు చూసేసరికి ఊరుకోలేకపోయాను. తిట్టావు కదా, సరే, కడుపు చల్లబడిందా? ఇక వదిలెయ్.

ఒక రాత్రి, ఒక పగలు కూర్చోబెట్టి నది దాటించారు. కొట్టలేదు. నా మొహం మాత్రం బాగా గుర్తుపెట్టుకున్నారు, మళ్ళీ ఆ దారిన రాలేను.

ఇంటికీ పోలేను. పొరుగింటి ఎలోడియా కబురు పంపింది. మేం బయల్దేరిన రెండో రోజే తలుపు విరగ్గొట్టారట. పిల్ల మంచం తిరగేసి చూశారట. అంటే రెండు రోజులు ఆలస్యమైతే. సరే, అది రాయను.

కాబట్టి నీ అక్క కూడా పరదేశం మనిషైంది. శాంత ఆనా దాటి ఎరగనిదాన్ని, యాభై ఒక్క ఏళ్ళకు నదొడ్డున ఒకావిడ వసారాలో కాపురం పెట్టాను. వాళ్ళ పొయ్యి అద్దెకు తీసుకుని కేసదీయాలు కాలుస్తున్నాను. ఇక్కడ పిల్లల్ని పతోహో అంటారట. ప్రతి గడపకీ ఒక మాట పెట్టాడు దేవుడు. మొదటి వారం రొట్టె ఎంతో చెప్పాలన్నా వేళ్ళు చూపించాను. నేను, ఒటీలియాని, వేళ్ళు చూపించాను.

భయమేస్తోందే. ఎప్పుడూ అనలేదు కదా, ఇప్పుడంటున్నాను. తెల్లటి బండి ఏది కనబడినా పొయ్యి వెనక్కి వెళ్ళి కూర్చుంటున్నాను. నిన్న వచ్చింది పాల బండి.

పిల్ల మాట్లాడుతోందా?

ఒటీలియా


మెక్సికో నగరం,
4 జూలై

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మాయ్రా యాభై రోజులుగా పెదవి విప్పలేదు. డాక్టరు గొంతు చూసి ఏమీ లేదన్నాడు. దోన్యా తొమాసా సాంబ్రాణి వేసి, ఒంటికి గుడ్డుతో దిష్టి తీసింది. హోటల్లో బల్ల కింద కూర్చుంటుంది, ఎవరైనా పలకరిస్తే రెండు చేతులతో నోరు మూసుకుంటుంది. నేను కాయగూరలకు వెళితే నా పావడా పట్టుకుని వస్తుంది, నేను ఎవరితోనైనా బేరమాడితే నా నోరు కూడా మూయబోతుంది. రెనెను తీసుకుపోయినప్పుడు కూడా నేను ఇంత భయపడలేదు.

నిన్న దోన్యా తొమాసా నీ గురించి అడిగింది. నేను కొత్తిమీర తుంచుతూ, ఎప్పుడూ అనే మాటే అన్నాను. "మా అక్క మంచిదే, నోరే మంచిది కాదు. ఆ నోటివల్లే దొరికిపోయింది" అన్నాను. యాభై రోజులుగా ఎంతమందితో ఎన్నిసార్లు అన్నానో. పిల్ల బల్ల కిందే ఉంది, ప్రతిసారీ వింటూనే ఉంది.

నిన్న బల్ల కిందనుంచి బయటకు వచ్చింది. "పెద్దమ్మ నోరు కాదు" అంది. "నాది."

నేను కొత్తిమీర కింద పడేశాను. ఆ మనిషి అడిగితే తనకు నాన్న మాటే వచ్చిందట. "పి" అనేసిందట. తప్పని తెలిసింది కానీ వెనక్కి తీసుకోవడం రాలేదట. అప్పుడే వెనక నుంచి నీ కేక వినబడిందట. "నేను పి అన్నాను, పెద్దమ్మని పట్టుకుపోయారు" అంది. అంతే. మళ్ళీ నోరు మూసుకుంది.

నేను రాసిన ఆ ఉత్తరం చించెయ్యి. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు. నువ్వు "నా నోరే" అని ఒప్పేసుకున్నావు, నేను నమ్మాను. నీతో ఒకే మంచం మీద పెరిగినదాన్ని, నిన్ను ఎరగనా? నువ్వు అరిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు నీ వెనక దాక్కునే ఉండేవారు. చిన్నప్పుడు నేనే.

ఇప్పుడు ఇది నోరు తెరిస్తే ఎవరో ఒకరు పట్టుబడతారని అనుకుంటోంది. నీ తప్పు కాదమ్మా అని నేను నూరుసార్లు చెప్పాను. నా మాట నమ్మదు, ఇన్నాళ్ళూ తప్పు నీదని చెప్పింది నేనే కదా. నువ్వు రాయి అక్కా. పెద్ద అక్షరాలతో, విడివిడిగా రాయి. ఏం రాస్తావో నాకు తెలియదు. బడిలో నలభైమందికి చదువు చెప్పాను, ఈ ఒక్కదానికి ఏం చెప్పాలో తోచడం లేదు.

నిడియా


తెకూన్ ఉమాన్,
22 జూలై

నిడియా,

రెండు కాగితాలున్నాయి. ఇది నీది. చదివి పొయ్యిలో పెట్టు.

విన్నాను. చీమ తుమ్మినంత చిన్నగా అంది, కానీ విన్నాను. వాడూ విన్నాడేమో అని నా ప్రాణం పోయింది. వాడి మొహంలో నవ్వు ఆగింది, అది కూడా చూశాను. లేచి నిలబడ్డాక ఏమనాలో తెలియలేదు. నువ్వు గీతలు గీసిన మాటలు తప్ప బుర్రలో ఇంకేమీ లేవు. అవే అరిచేశాను.

ఈ సంగతి పిల్లకు ఎప్పటికీ తెలియకూడదు. అది పెద్దదై, దానికి పిల్లలు పుట్టాక అడిగినా సరే, చెప్పకు. నేను విన్నానని తెలిస్తే అది ఇక మాట్లాడదు.

రెండో కాగితం దాని చేతికే ఇవ్వు. నువ్వు చదివి పెట్టకు, అదే చదువుకోవాలి.

ఒటీలియా


మాయ్రా,

నేను మీ పెద్దమ్మని. బాగున్నాను. రోజూ రొట్టెలు అమ్ముతున్నాను.

బస్సులో నువ్వు ఏదో అన్నావని అమ్మ రాసింది. ఏమన్నావు? నాకేమీ వినబడలేదు. ఇంజను మోత. పైగా నా ఎడమ చెవి సంగతి నీకు తెలుసు కదా, పొయ్యి దగ్గర నువ్వు పది సార్లు పిలిస్తే ఒకసారి పలుకుతాను.

నేను అరిచింది నీ గురించి కాదు. ఆయన బెల్టు నిజంగానే జారిపోతోంది. అంత లావు మనిషి అందరి ముందూ అలా నిలబడితే బాగుంటుందా? నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?

నన్నెవరూ పట్టుకోలేదు. నాకు బస్సులో కూర్చుని నడుము నొప్పి పుట్టింది, దిగిపోయాను.

ఇక్కడ నాకు కొత్త. ఎవరూ తెలియదు. అయినా పొద్దున లేచి అందరితో మాట్లాడుతున్నాను. పాలాయనతో, పడవాయనతో, పక్కింటి కుక్కతో. ఎవరూ పట్టుకుపోలేదు చూడు.

నువ్వు రేపు హోటలుకు వెళ్ళగానే దోన్యా తొమాసాని "నాకు ఆకలేస్తోంది" అని పైకి అడుగు. నీకు ఏ మాట వస్తే ఆ మాటతో అడుగు. ఆవిడ పెడుతుంది. ఏమీ కాదు. నేను చెబుతున్నాగా.

పెద్దమ్మ